పడుగు పట్టుకున్న ఉదయం

ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పే అలవాటు గురువుగారికి లేదు. అడిగినవాడి చేతికి ఏదో ఒక పని ఇచ్చేవారు.

శిష్యుడు శేషాచలం అడిగింది ఇది. "నేతగాళ్ల వీధిలో రోడ్డు వెడల్పు చేయడం గురించి సభ పెట్టించాను. మూడు రోజులు టముకు వేయించాను. ఎండ ముదరకముందే అయిపోవాలని పొద్దున ఏడింటికే కుర్చీలు వేయించాను. నేతవాళ్లు ఒక్కరూ రాలేదు. వచ్చిన ఇళ్లవాళ్లూ కొట్లవాళ్లూ సరేనన్నారు. ఇప్పుడు ఆ నేతవాళ్లే వీధిలో నన్ను చూసి ముఖం తిప్పుకుంటున్నారు. నా తప్పేమిటి గురువుగారూ?"

ఆ రోడ్డును ఎన్నిసార్లు ఊహించుకున్నాడో. వరసగా దీపాలు, వానలో బురద తొక్కకుండా నవ్వుకుంటూ వెళ్లే మనుషులు. సభ పుస్తకంలో 'ఎవరికీ అభ్యంతరం లేదు' అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిందీ అతనే. ఆ పుస్తకాన్ని చూపించే రోడ్డువాళ్లు, పేలాలు చల్లినట్టు వీధంతా పూలు రాల్చే కానుగచెట్లను కొట్టేశారు.

మర్నాడు పొద్దున ఏడింటికి గురువుగారు అతన్ని ఆ వీధికే తీసుకెళ్లారు. నేతవాళ్లు రోజూ పడుగు పట్టే వేళ అది. నాంచారమ్మ అక్కడ పడుగు, అంటే మగ్గానికెక్కించే నిలువు దారాలు, సాగదీసి, నూలుకు గంజి పట్టించి కుంచెతో దువ్వుతోంది. అవతలి కొస ఆమె ముసలి మొగుడు పట్టుకున్నాడు. చెట్లు పోయాక మిగతా నేతవాళ్లంతా నీడ వెతుక్కుంటూ ఊరవతలి మామిడితోటకు వెళ్లిపోయారు. అంత దూరం నడిచే ఓపిక ఈ ముసలాయనకు లేదు.

"సభ బాబుగారా? కుర్చీ తెచ్చుకున్నారా?" అందామె తలెత్తకుండానే.

గురువుగారు ముసలాయన చేతిలోని కొసను శేషాచలానికి అందించి, నెమ్మదిగా వెళ్లి వీధి మొగలో టీకొట్టు బల్లమీద కూర్చున్నారు. "శేషాచలం, ఇలా రా. నీ సంగతే తేలుస్తున్నాం," అని పిలిచారు.

అతను కదలబోయాడు.

"ఇప్పుడు వదిలారంటే గంజి ఆరి దారాలన్నీ అతుక్కుపోతాయి. నెల్లాళ్ల తిండి బాబూ అది," అంది నాంచారమ్మ.

గురువుగారు మళ్లీ పిలిచారు. మూడోసారీ పిలిచారు. తర్వాత టీకొట్టాయనతో ఏదో మాట్లాడారు. ఇద్దరూ తలలూపుకున్నారు. శేషాచలం మెడ చాచి విన్నాడు గాని ఒక్క ముక్కా అందలేదు.

ఈలోగా కానుగ మొద్దుల మీదుగా ఎండ వచ్చి పడుగు మీద పడింది. కుంచె వచ్చేలోపే గంజి ఆరి, అతని వేళ్ల దగ్గరే ఒక దారం పుటుక్కున తెగింది. ఆ వెనకే ఇంకొకటి. నాంచారమ్మ వచ్చి ముడివేసుకుని, మళ్లీ దువ్వుకుంటూ వెళ్లింది. అతను ఆ ముడుల వైపే చూస్తూ ఉండిపోయాడు.

పని ముగిశాక గురువుగారి దగ్గరికి వెళ్లి, "నా గురించి ఏం తేల్చారు?" అన్నాడు. ఆ మాట అతనికే సరిగా వినపడలేదు.

గురువుగారు ఒక మొద్దు పక్కన నిలబడి ఉన్నారు. కొట్టినచోట పసరు ఇంకా ఆరలేదు.

"మూడుసార్లు పిలిచాను కదా నాయనా," అన్నారు.