రేపటి దప్పి

దస్తగిరి పరుపులు కుట్టేవాడు. పొద్దున్నే గొంతులో సారా పడకపోతే సూదిలో దారం ఎక్కించలేనంతగా చేతులు వణికేవి. ఇల్లు గుల్లయ్యాక భార్య హుసేనమ్మే అతన్ని కొండమీది దర్గాకు తీసుకొచ్చి, మౌలా తాత దగ్గర వదిలిపోయింది. వణుకులూ వాంతులూ తగ్గేదాకా ఆ ముసలి ఫకీరే పక్కన కూర్చుని గంజి తాగించాడు. ఇప్పుడు చేతులు నిలకడగా ఉన్నాయి. దర్గా ఊడుస్తాడు, కిందనున్న బావి నుంచి నీళ్లు మోస్తాడు.

ఆ దర్గాలో ఒక ఆనవాయితీ ఉంది. సాయంత్రం నమాజు కాగానే కుండలో మిగిలిన నీళ్లు మేకల తొట్టిలో పోసి, కుండ బోర్లించేస్తారు. ఫకీరు రేపటికని ఏదీ దాచుకోడు. దస్తగిరికి ఇది ఉత్త చాదస్తంగా తోచింది. మోసేది తను కదా మరి. ఒకసారి తాత చూడకుండా కుండ నింపి మూత పెట్టాడు. తాత వెళ్లి దాన్నీ బోర్లించి వచ్చాడు.

హుసేనమ్మ కబురు పంపింది. శుక్రవారం వస్తుందట. సమాధి మీది పచ్చ చాదరు పట్టుకుని, చచ్చేదాకా తాగనని ఒట్టేస్తే ఇంటికి తీసుకుపోతుందట. లేకపోతే కూతుర్ని తీసుకుని పుట్టింటికి పోతుందట. ఆమెను తప్పుపట్టడానికి లేదు. ఆమె తల మీదా, కూతురి తల మీదా వేసిన ప్రతి ఒట్టునూ దస్తగిరి తీసి గట్టున పెట్టినవాడే.

శుక్రవారం పొద్దున దస్తగిరి చీపురు పట్టాడు. ఎండలో వాకిలంతా ఊడ్చి వచ్చి తాత ముందు చతికిలబడ్డాడు.

"సచ్చేదాకా అంటే శానా పొడుగు తాతా. పెండ్లిండ్లుంటాయి, పీర్ల పండగొస్తాది, సావులుంటాయి. అన్ని దినాలు ఎట్ల ఓర్చుకునేది?"

తాత చెంబుతో నీళ్లు ముంచి ఇచ్చాడు. దస్తగిరి గటగటా తాగేశాడు. తాత మళ్లీ ముంచాడు. అదీ తాగాడు. మళ్లీ ముంచాడు.

"చాలు తాతా. దప్పి తీరింది."

"ఈపొద్దుటిది తీరింది. రేపటి దప్పికి తాగు."

పెద్దాయన మాట కాదనలేక ఇంకో గుక్క పట్టాడు. పొలమారింది. నీళ్లు ముక్కులోంచి వచ్చాయి. తాత నవ్వుతూ అతని నెత్తిన తట్టాడు.

"రేపటి దప్పి ఇంకా రాల్యా నాయనా. రానిదాన్ని ఎట్ల తీర్చుకుంటావు?"

మధ్యాహ్నం హుసేనమ్మ కూతురితో కొండెక్కి వచ్చింది. చాదరు వైపు వేలు చూపించింది. దస్తగిరి దాన్ని ముట్టుకోలేదు.

"ఈపొద్దు తాగల్యా. ఈపొద్దు తాగను. అంతకు మించి నాకాడ ల్యాదు."

ఆమె ముఖం చిన్నబోయింది. అతని నోట అబద్ధం కాని మాట విని ఎన్నాళ్లయిందో. అయినా భయం భయమే. ఉండలేక, పోలేక మెట్ల మీద కూర్చుండిపోయింది పాపం.

సాయంత్రం నమాజు అయింది. ఎవరూ చెప్పకుండానే దస్తగిరి లేచాడు. మిగిలిన నీళ్లు మేకల తొట్టిలో పోసి కుండ బోర్లించాడు.

హుసేనమ్మ అదంతా చూసింది.

"రేపో?" అంది.

"పొద్దున్నే లేసి బావికి పోవాల."

ఆమె మరోసారి బోర్లించిన కుండ వైపు చూసింది. తర్వాత కొంగు దోపుకుని లేచింది.

"మనింటికాడా కుండ ఉండాది. పద."