దండం పెట్టే మరబొమ్మ

వెనకటికి ఓ రాజుగారి కొలువులో తాంబూలం పళ్లెం మోసుకొచ్చే మరబొమ్మ ఒకటుండేది. దాని వీపున మర తిప్పే పని అంకమ్మది. దివాను తన గొంతు వినపడితే చాలు, బొమ్మ నడుం వంచి దండం పెట్టేలా పట్టుబట్టి చేయించుకున్నాడు.

కొన్నాళ్లుగా బొమ్మ సభ మధ్యకు రాగానే తమలపాకులన్నీ కుమ్మరించేస్తోంది. ఆ క్షణానే "భేష్!" అని కేకేసేదెవరో అంకమ్మకు తెలుసు. చెబితే కూటికి ఎసరు.

"ఈవిడకు మర తిప్పడం రాదు ప్రభూ! అడుగడుగూ ఆపించి తప్పు నేనే పట్టుకుంటా. పట్టుకోగానే ఈవిడను తరిమేద్దాం," అన్నాడు దివాను.

మర ఒక్క మెలిక తిప్పితే బొమ్మ ఒక్క పని చేసి ఆగుతుంది. అంకమ్మ తిప్పింది. "ఒక్క అడుగు!" అని అరిచాడు దివాను. బొమ్మ దండం పెట్టి ఆగింది. "ఇంకో అడుగు!" మళ్లీ దండం. పొద్దు నడినెత్తికొచ్చినా బొమ్మ గడప దాటలేదు.

రాజుగారికి ఒళ్లు మండింది. "ఏమే అంకమ్మా, నడవదేం?"

"నడుస్తుంది మహాప్రభో. దివాను గారు అరిచి అరిచి అలిసిపోయారు పాపం. నోట్లో ఓ లడ్డూ పెట్టించండి. అడుగడుగుకీ చేత్తో సైగ చేస్తే చాలు."

పిడికిలంత లడ్డూ వచ్చింది. అంకమ్మ రాలిన ఆకులు మళ్లీ పళ్లెంలో సర్ది మర తిప్పింది. దివాను నములుతూ వేలు ఆడించాడు. బొమ్మ ఒక్కొక్క అడుగే వేసి, ఒక్క ఆకైనా రాలకుండా సింహాసనం చేరింది.

రాజుగారు తాంబూలం అందుకుని, "మరి తప్పు ఎక్కడుందే?" అన్నారు.

అంకమ్మ తల వంచుకుని, "లడ్డూ నములుతోంది మహాప్రభో," అంది.