వెనక్కి నడిచిన ముళ్లపందులు

అనగనగా ఒక అడవిలో ఒక వాగు ఉండేది. వాగుకు ఎగువన పచ్చిక మైదానం. అక్కడ దుప్పుల మంద మేస్తూ ఉండేది. దిగువన రాతి గుట్ట. ఆ గుట్ట బొరియల్లో కొన్ని ముళ్లపందుల కుటుంబాలు కాపురం ఉండేవి. మధ్యలో కుందేళ్లు, ముంగిసలు, కొండముచ్చులు, ఇంకా మిగతావాళ్లంతా.

ఎండాకాలం వస్తే వాగు సన్నబడిపోయేది. అప్పుడు రాళ్లూ మట్టీ వేసి దానికి కట్ట కట్టాలి. కట్ట ఎక్కడ కట్టాలో చెప్పేది అడవిపెద్ద. నీళ్లు ఎక్కడ నిలిస్తే అక్కడివాళ్లకు పండగే. మిగతావాళ్లు నాలుక తడుపుకోవడానికి కూడా తంటాలు పడాల్సిందే.

మరి అడవిపెద్దను ఎలా ఎన్నుకునేవాళ్లో తెలుసా? వాగు ఒడ్డున మెత్తటి బంకమట్టి ఉంది. దాని మధ్యలో ఒక కర్ర పడేసేవారు. కర్రకు ఇటు ఒకరి వైపు, అటు ఇంకొకరి వైపు. అడవిలో ప్రతి జంతువూ వచ్చి, తనకు నచ్చినవాళ్ల వైపు ముందరి కుడికాలు ఒక్కసారి గట్టిగా అదిమి వెళ్లేది. పొద్దుగూకాక కొంగ ఆ అడుగులు లెక్కపెట్టేది. ఎవరి వైపు ఎక్కువ అడుగులుంటే వాళ్లే పెద్ద.

ఆ ఏడు అడవిపెద్దగా ఉన్నది కొమ్ములయ్య అనే దుప్పి. మాట తీరు చూస్తే ఎంత మంచివాడో అనిపిస్తుంది. కట్ట మాత్రం ఎప్పుడూ తన మైదానం పక్కనే వేయించేవాడు. దిగువన గుట్టకు చుక్క నీరు దిగేది కాదు.

గుట్టలో సూదమ్మ అనే ముళ్లపంది ఉండేది. కిందటి ఎండాకాలం ఆమె భర్త నీళ్లు వెతుక్కుంటూ కొండ దాటి వెళ్లాడు. అక్కడ చిరుతపులి నోట పడ్డాడు. ఇద్దరు చిన్న పిల్లలతో సూదమ్మ ఒంటరిదైపోయింది. మళ్లీ ఎండలు ముదురుతున్నాయి. ఈసారి కొండ దాటాల్సింది తనే. తనకేమైనా అయితే పిల్లల గతేమిటని ఆమెకు బెంగ పట్టుకుంది.

అయినా సరే, అడుగు వేయడానికి ఇక వెళ్లనని ఆమె ఎప్పుడో తీర్మానించుకుంది. దానికి కారణం ఉంది. కిందటిసారి ముళ్లపందులన్నీ పనిగట్టుకుని వెళ్లాయి. మట్టిలో అడుగు వేశాయి, వెనుదిరిగాయి. తిరిగేటప్పుడు వాటి వెనక ముళ్లు మట్టిని ఊడ్చుకుంటూ పోయాయి. పాపం, అది వాటి అలవాటు, అవి చూసుకోనే లేదు. కొమ్ములయ్య మాత్రం చూశాడు. గీతలు పడ్డ అడుగులు చెల్లవని అప్పటికప్పుడు ఒక నియమం చెప్పాడు. కొంగ మెడ ముడుచుకుని ఊరుకుంది. గుట్టవాళ్ల అడుగులన్నీ లెక్కలోంచి పోయాయి. కొమ్ములయ్య గెలిచింది కూడా ఆ కాస్త తేడాతోనే.

ఈసారి అతని మీద పోటీకి గుబురమ్మ అనే ఎలుగుబంటి నిలబడింది. కట్ట గుట్టకు దిగువన వేయిస్తానని ఆమె చెప్పింది. అలా వేస్తే పైన వాగు పారుతుంది, కింద నీళ్లు నిలుస్తాయి, అందరూ తాగొచ్చని ఆమె మాట. సూదమ్మకు ఆ మాట నచ్చింది. కానీ నచ్చి ఏం లాభం, తన అడుగు చెల్లనప్పుడు?

ఒకరోజు కొమ్ములయ్య దగ్గరి నుంచి ఒక గోరింక వచ్చి గుట్ట మీద వాలింది. ఈసారి సాయంత్రం దాకా ఉండదని, సూర్యుడు నడినెత్తికి రాగానే అడుగులు ఆపేస్తారని చెప్పింది. ముళ్లపందులు పగలు పడుకుని సాయంత్రం లేచే జాతి కదా. సూదమ్మ విని, మేం ఎలాగూ రావడం లేదు పొమ్మంది.

కొన్నాళ్లకు గోరింక మళ్లీ వచ్చింది. ఈసారి వాగు ఒడ్డున కాదని, ఎగువ మైదానంలో ఊట దగ్గరి బంకమట్టిలో అడుగులు వేయాలని చెప్పింది. అక్కడికి దారంతా ఎక్కుడు, అంతా మొనదేలిన రాళ్లు. దుప్పులకు నాలుగు గెంతులు. పొట్టికాళ్ల వాళ్లకు పెద్ద ప్రయాణం. సూదమ్మ విసుక్కుని, రామని చెప్పాను కదా అంది.

మూడోసారి గోరింక వచ్చినప్పుడు దాని వెంట ఇద్దరు దుప్పి కుర్రాళ్లు కూడా వచ్చారు. వాళ్లు తెచ్చిన తియ్యటి దుంపలు బొరియ ముందు కుప్పగా పోశారు. గోరింక గొంతు కూడా ఆ దుంపల్లాగే తియ్యగా ఉంది.

"కొమ్ములయ్య మామ పంపాడు, వదినా. ఆ రోజు హాయిగా తిని పడుకోండి. మీ ముళ్లు గీతలు పెడతాయి, మీ అడుగు ఎలాగూ చెల్లదు. అంతదూరం నడిచొచ్చి నలుగురిలో నవ్వులపాలు కావడం ఎందుకు?" అంది.

సూదమ్మ ఒక దుంప నోట్లో పెట్టుకుని నములుతోంది. నమలడం ఆపేసింది.

"మా అడుగు చెల్లదంటున్నావు. మరి మేం వస్తే మీకు పోయేదేంటి?" అని అడిగింది.

గోరింక తడబడింది. మీ మేలు కోరి చెప్పానని ఏదో గొణిగి, రెక్కలు కొట్టుకుంటూ ఎగిరిపోయింది.

సూదమ్మ ఆ దుంపల కుప్ప వైపు చూసింది. పనికిరాని అడుగుల కోసం పొద్దు మార్చారు. చోటు మార్చారు. ఇప్పుడు విందు కూడా పంపారు. ఇంత శ్రమ ఎవరైనా ఊరికే పడతారా? ఆమెకు ఒళ్లు మండింది. అంతకంటే ఎక్కువ ధైర్యం వచ్చింది.

గుట్టలోవాళ్లందర్నీ పిలిచి ఈ మాటే చెప్పి, ఈసారి అడుగులు వేయడానికి వెళ్దామంది. అందరిలోకి పెద్దవాడు కుంచె తాత. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"ఒకసారి నమ్మి వెళ్లాం. తుడిచేశారు. మళ్లీ తుడవరని ఏంటే నీ నమ్మకం?" అన్నాడు.

"నమ్మకం లేదు తాతా. అందుకే వెళ్దామంటున్నా. మనం ఇంట్లో కూర్చుంటే వాళ్లకి తుడిచే శ్రమ కూడా తప్పుతుంది" అంది సూదమ్మ.

మరి గీతల సంగతేమిటని ఎవరో అడిగారు. దానికీ సూదమ్మ దగ్గర ఉపాయం ఉంది. అడుగు వేశాక వెనుదిరగొద్దు. ముఖం మట్టి వైపే ఉంచి, వెనక్కి వెనక్కి నడిచి బయటికి రావాలి. అప్పుడు ముళ్లు ముందే మట్టి దాటిపోతాయి, అడుగు అలాగే ఉంటుంది.

ఈ మాటకు కుంచె తాత ముళ్లు నిక్కబొడుచుకున్నాయి. ముళ్లపంది వెనక్కి నడిచేది ఎప్పుడో తెలుసా? శత్రువుకు ముళ్లు గుచ్చడానికి మాత్రమే. మామూలప్పుడు అలా నడవడం వాళ్లలో పెద్ద తప్పు, ఎదుటివాళ్లను కొట్లాటకు పిలిచినట్టు.

"అది కొట్లాట నడకే అమ్మాయ్" అన్నాడు తాత.

"ఇదీ కొట్లాటే తాతా. ఎవరికీ ముల్లు గుచ్చుకోని కొట్లాట" అంది సూదమ్మ.

తాత లేచి అందరికంటే ముందు తనే వెనక్కి నడిచి చూశాడు. తూలి కూలబడ్డాడు. పిల్లలు పకపకా నవ్వారు. ఆయన మూతి తుడుచుకుని మళ్లీ నడిచాడు. ఆ రోజు నుంచీ గుట్టంతా అదే పని.

అడుగుల రోజు వచ్చింది. తెల్లవారగానే ముళ్లపందులు పడుకోవడం మానేసి బయల్దేరాయి. ఎండకు కళ్లు చికిలించుకుంటూ, రాళ్ల మీద జారుతూ, పిల్లల్ని ముందుకు నెట్టుకుంటూ ఎగువకు ఎక్కాయి. సూర్యుడు ఇంకా నడినెత్తికి రాకముందే ఊట దగ్గరికి చేరాయి. వాటిని చూసి కొమ్ములయ్య నోట్లో గడ్డి అలాగే ఉండిపోయింది.

ఒక్కొక్కరే వెళ్లి గుబురమ్మ వైపు కాలు అదిమారు. ఒక్కొక్కరే వెనక్కి నడిచి వచ్చారు. దుప్పులు పొట్టలు పట్టుకుని నవ్వాయి. నవ్వనీ. మట్టిలో ఒక్క గీత పడలేదు.

కొమ్ములయ్య ముందుకు వచ్చాడు. వెనక్కి నడవడం మన అడవి ఆచారం కాదని, ఇవి చెల్లవని, కొట్టేయమని కొంగకు చెప్పాడు. కొంగ చెడ్డది కాదు. కానీ పెద్దవాళ్ల ముందు దాని గొంతు పెగలదు. ఎప్పటిలాగే మెడ ముడుచుకుంది.

సూదమ్మకు పిల్లలు గుర్తొచ్చారు. వెళ్లి కొంగ ఎదురుగా నిలబడింది.

"కొంగ మామా, కిందటిసారి గీతలు పడ్డాయని మా అడుగులు కొట్టేశావు. ఇప్పుడు గీతలున్నాయా?"

"లేవమ్మా" అంది కొంగ.

"అదిగో, దుప్పుల వైపు చూడు. వాళ్ల పిల్లలు గెంతి గెంతి సగం అడుగులు తొక్కేశారు. వాటిని కొట్టేస్తావా? నేను కొట్టేయమనడం లేదు మామా. ఏ నియమమైనా పెట్టుకో. అది అందరికీ పెట్టు."

కొంగ దుప్పుల వైపు మట్టిని చూసింది. ముళ్లపందుల వైపు మట్టిని చూసింది. కిందటిసారి తను ఊరుకున్న సంగతి గుర్తొచ్చి దానికి సిగ్గేసింది. మెల్లగా మెడ చాపింది. ఆ మెడ అంత పొడుగుంటుందని చాలామందికి ఆ రోజే తెలిసింది.

"వేసినవాళ్లు ఎవరో పోల్చుకోగలిగితే చాలు, ప్రతి అడుగూ చెల్లుతుంది. గీత పడ్డా సరే, తొక్కుడు పడ్డా సరే. వెనక్కి నడిచారా, ముందుకు నడిచారా అన్నది నా లెక్కలో లేదు. అందరి ముందూ గట్టిగా లెక్కపెడతాను, వినండి" అంది కొంగ.

ఒక్కో అడుగు మీద ఒక్కో ఆకు పెడుతూ లెక్కపెట్టింది. గుబురమ్మ గెలిచింది. పెద్ద తేడా ఏం కాదు, గుట్టవాళ్లు రాకపోతే ఓడిపోయేదే.

కట్ట గుట్టకు దిగువన లేచింది. బొరియల ముందు నీళ్లు నిలిచాయి. సూదమ్మ పిల్లలు వేసవంతా ఒడ్డున బురదలో పొర్లారు. సూదమ్మ కొండ దాటాల్సిన పనే పడలేదు. ఎగువన వాగు ఆగకుండా పారింది, కొమ్ములయ్య కూడా ఏ మొహమాటం లేకుండా కడుపునిండా తాగాడు.

మళ్లీ అడుగుల రోజు వచ్చింది. ఈసారి వాగు ఒడ్డునే, సాయంత్రం వరకూ. ముళ్లపందులు తీరిగ్గా నిద్ర లేచి వచ్చి అడుగులు వేశాయి. లెక్క మొదలైంది. సూదమ్మ మాత్రం ఇంటికి వెళ్లకుండా కొంగ పక్కనే నిలబడింది. కొంగకు కాస్త మనసు చిన్నబోయినట్టయింది.

"నన్నింకా నమ్మవా సూదమ్మా?" అని అడిగింది.

"నమ్ముతాను మామా. చూస్తూ నమ్ముతాను" అంది సూదమ్మ.

కొంగ నవ్వింది. చిట్టచివర నిలబడ్డ ముళ్లపందికి కూడా వినబడేలా గొంతు పెంచి, మొదటి అడుగు నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

నీతి: నీ ఓటుకు విలువ లేదని ఎవరైనా పనిగట్టుకుని వచ్చి చెబుతున్నారంటే, దాని విలువ వాళ్లకు బాగా తెలుసన్నమాట. వెళ్లి ఓటెయ్యి, లెక్క అయ్యేదాకా కళ్లు తెరిచి చూడు.