మెయిన్ స్విచ్చికి కట్టిన నీలం గుడ్డ

పక్కలోకి రా, చిట్టీ. కాళ్ళు కడుక్కున్నావా? దుప్పటంతా నువ్వే లాక్కోకు. ఎనిమిదో క్లాసుకొచ్చావు, ఇంకా కథ లేందే కన్ను మూతపడదు నీకు. నా ముంజేతి గుడ్డతో ఆడకు, వదులు. రేపట్నించి మీ బడిలో పనిక్లాసు మొదలన్నావుగా, రంపాలూ మోటార్లూ ముట్టుకోనిస్తారన్నావుగా. అందుకని ఈ పూట రాజకుమారి లేదు, గుర్రం లేదు. ఈ కథలో ఏడుపుంది. వద్దంటే ఇప్పుడే చెప్పు.

వద్దనవా? సరే అయితే.

అనగా అనగా ఒక ఊరు. ఆ ఊళ్ళో ఒక హైస్కూలు. హైస్కూలు వెనకాల ఒక రేకుల షెడ్డు. ఆ షెడ్డులో తొమ్మిదో క్లాసు పిల్లలకి చేతిపనులు నేర్పేవారు. చెక్క కొయ్యడం, ఇనుము అరగదియ్యడం, మోటారు విప్పి మళ్ళీ బిగించడం. నేర్పేది మస్తాన్ మాస్టారు.

ఆడపిల్లలకి ఇవన్నీ ఎందుకు, కుట్టుమిషను చాలదా అని ఊళ్ళో పెద్దమనుషులు వచ్చి అడిగారు. "మోటారుకి ఆడా మగా తెలీదండీ, పని తెలిసిన చెయ్యి తెలుస్తుందంతే" అన్నారు మాస్టారు. అలా ఇద్దరు ఆడపిల్లలు చేరారు. ఒకతె సువార్త. రెండోదాని పేరు ఏదైతేనేంలే, రత్నం అనుకో. ఇద్దరూ ఒకే బల్ల, ఒకే కంచం, ఒకే గొడుగు.

సువార్త చేతులు చూడాలి నువ్వు. చూపుడువేలు అలా ఆనించి మోటారులో ఎక్కడ జబ్బుందో చెప్పేసేది. దానికి నాన్న లేడు, అమ్మ కరుణమ్మ నాట్లకీ కోతలకీ వెళ్ళేది. "ఈ ఏడాది షెడ్డులో నిలబడి పూర్తి చెయ్యమ్మా, పరీక్ష కాగానే చక్కెర ఫ్యాక్టరీ వర్క్‌షాపులో నేనే స్వయంగా చేర్పిస్తాను" అని మాస్టారు దానికి మాటిచ్చారు. ఆ మాట విన్న రోజు కరుణమ్మ కూతురి రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. ఇక వాళ్ళింటికి ఉన్న ఆస్తల్లా ఆ చేతులే.

ఇప్పుడు మాస్టారి కట్టడి సంగతి చెబుతాను, జాగ్రత్తగా విను.

మాస్టారు బడికి రాకముందు కరెంటు స్తంభాలెక్కే పని చేసేవారు. ఆయన తమ్ముడూ అదే పని. ఒకనాడు తమ్ముడు పైన ఉండగా కింద ఎవరో చూసుకోకుండా స్విచ్చి ఎత్తేశారు. ఆ తర్వాత తమ్ముణ్ణి తాళ్ళతో దించాల్సొచ్చింది. అప్పుడు మాస్టారు ఆ పని మానేసి బడికి వచ్చారు, వస్తూ ఒక కట్టడి తెచ్చారు.

షెడ్డులో చేరిన ప్రతి పిల్లా పిల్లాడూ ఇంట్లోంచి ఒక గుడ్డపేలిక తెచ్చుకోవాలి. దాని మీద తన పేరు తనే కుట్టుకోవాలి. మిషన్లో చెయ్యి పెట్టాలంటే ముందు మెయిన్ స్విచ్చి పిడి కిందికి దించాలి, దానికి తన గుడ్డ కట్టాలి. పనయ్యాక తన గుడ్డ తనే విప్పుకోవాలి. కట్టిన చెయ్యి తప్ప ఇంకో చెయ్యి దాన్ని ముట్టుకోకూడదు, హెడ్మాస్టరైనా సరే, కలెక్టరైనా సరే. పిడి బోసిగా ఉంటేనే స్విచ్చి ఎత్తాలి. రోజూ పని మొదలెట్టేముందు పిల్లలంతా దాన్ని పాటలా పాడేవాళ్ళు.

"గుడ్డ కట్టు, చెయ్యి పెట్టు,
చెయ్యి తియ్యి, గుడ్డ విప్పు,
ఎవరి ముడి వాళ్ళే విప్పు."

సువార్త గుడ్డ నీలంది, వాళ్ళమ్మ పాత చీర చెంగు. పేరు తెల్లదారంతో కుట్టింది.

అంత పనిమంతురాలికీ ఒక్క లోపం ఉండేది. మతిమరుపు. పని అయిపోగానే గుడ్డ అలాగే వదిలేసి పరిగెత్తేది. గుడ్డ మరిచిన వాళ్ళ పేరు పక్కన మాస్టారు నల్లబల్ల మీద సుద్దతో ఒక గీత గీసేవారు. మూడు గీతలు పడితే ఆ ఏడాదికి షెడ్డు గుమ్మం తొక్కకూడదు. దసరా సెలవులు రాకముందే సువార్తకి రెండు గీతలు పడ్డాయి.

అప్పుడు రత్నానికి దిగులు పట్టుకుంది. ఇంకొక్క గీత పడితే చక్కెర ఫ్యాక్టరీ లేదు, కరుణమ్మ కళ్ళకద్దుకున్న చేతులు మళ్ళీ వరిమళ్ళో పడతాయి. ఆ పిల్లకి స్నేహితురాలంటే ప్రాణం, అది మాత్రం అబద్ధం కాదు.

ఒకరోజు మధ్యాహ్నం అన్నం గంట కొట్టారు. పిడి మీద నీలం గుడ్డ అలాగే ఉంది. సువార్త పంపు దగ్గర చేతులు కడుక్కుంటోంది. రత్నం అటూ ఇటూ చూసి గుడ్డ విప్పి తెచ్చి ఇచ్చింది. "అమ్మో, బతికించావే!" అంది సువార్త. ఏమీ కాలేదు.

ఆ తర్వాత వారం మళ్ళీ అంతే. ఈసారి సువార్త ఎక్కడుందో కూడా చూసుకోలేదు రత్నం. విప్పేసి జేబులో పెట్టుకుంది, సాయంత్రం ఇచ్చింది. అప్పుడూ ఏమీ కాలేదు. ఏమీ కానందుకే ఆ పిల్లకి భయం పోయింది, చిట్టీ. మొదటిసారే ఏదైనా చిన్న దెబ్బ తగిలుంటే బాగుండేదని ఎన్నిసార్లు అనుకున్నానో.

ఆ తర్వాత ఒక వానరోజు వచ్చింది.

బడి వదిలే వేళ. రేకుల మీద వాన ఎలా పడుతోందంటే పక్కవాడి మాట పక్కవాడికి వినబడటం లేదు. పిల్లలంతా వరండాలోకి పోయారు. చెక్కలు కోసే రంపం మిషను అడుగున ఒక ముక్క ఇరుక్కుంది. అది తీసిపోదామని సువార్త ఒక్కతే ఆగింది. పిడి దించింది, నీలం గుడ్డ కట్టింది, కట్టి బల్ల కిందికి దూరింది. చుట్టూ పలకలు నిలబెట్టి ఉన్నాయి, బయటికి కనబడదు.

అప్పుడు రత్నం గొడుగు కోసం వెనక్కి వచ్చింది. పిడి మీద నీలం గుడ్డ చూసింది. మిషను దగ్గర ఎవరూ లేరు. కిటికీలోంచి చూస్తే మాస్టారు ఒక చెక్క చంకలో పెట్టుకుని వానలో ఇటే వస్తున్నారు. ఆయన చూశారంటే మూడో గీత. రత్నం "మళ్ళీ మర్చిపోయింది మొద్దు" అనుకుని గబగబా ముడి విప్పి, గుడ్డ పావడా జేబులో కుక్కుకుని, వెనక గుమ్మంలోంచి జారుకుంది.

ఒక్కసారి వంగి చూసుంటే! ఒక్క కేక పెట్టుంటే! ఇప్పటికీ ఆ పిల్లని చెంపమీద కొట్టాలనిపిస్తుంది నాకు.

అప్పుడు మాస్టారు లోపలికి వచ్చారు. పిడి వైపు చూశారు. బోసిగా ఉంది. అయినా ఎందుకైనా మంచిదని "ఎవరైనా ఉన్నారా?" అని అరిచారు. వానలో ఆ కేక బల్ల కిందికి చేరలేదు. ఆ పాత మిషనుకి వేరే బొత్తాం లేదు, పిడి ఎత్తితే తిరగడమే. మాస్టారు ఎత్తారు.

కుడిచెయ్యి నాలుగు వేళ్ళు పోయాయి. బొటనవేలు ఒక్కటే మిగిలింది. అంతకంటే చెప్పను.

ఆ తర్వాత రత్నానికి నోరు విప్పడానికి మూడు సందర్భాలొచ్చాయి.

ఆసుపత్రి అరుగు మీద కరుణమ్మ దాని భుజం పట్టుకుని అడిగింది. "ఏం జరిగిందమ్మా, నువ్వు అక్కడే ఉన్నావంట గదా?" రత్నం "నాకు తెలీదు పిన్నీ" అంది. జేబులో నీలం గుడ్డ ఉంది.

ఆ తర్వాత జిల్లా నుంచి ఆఫీసరు వచ్చాడు. పిల్లల్ని వరసగా నిలబెట్టి, పిడికి గుడ్డ కట్టి ఉండగా ఎవరైనా చూశారా అని అడిగాడు. రత్నం వంతు వచ్చినప్పుడు "చూళ్ళేదండి" అంది. గుడ్డ కట్టానని సువార్త చెప్పింది. దాంతో మాస్టారు ముసలాయన, చూపు తగ్గింది, గుడ్డ ఉన్నా కనబడలేదు, ఆ గుడ్డ గోలలో ఎక్కడో పోయింది అని కాగితాల్లో రాసుకున్నారు. మాస్టారి ఉద్యోగం తీసేశారు. షెడ్డుకి తాళం వేశారు.

తాళం వేసిన రోజు మాస్టారు తన ట్రంకుపెట్టె సైకిలుకి కట్టుకుంటూ రత్నాన్ని పిలిచారు. "నీకు కళ్ళు మంచివమ్మా. నిజం చెప్పు, ఆ రోజు గుడ్డ ఉందా? నాకే కనబడలేదా?" అని అడిగారు. రత్నం తల దించుకుంది. ఆ తల దించుకోవడమే గుడ్డ ఉందనే జవాబనుకున్నారాయన. సైకిలు తొక్కలేదు, నడిపించుకుంటూ వెళ్ళారు.

నెల గడిచింది. మాస్టారు రోడ్డు దాటడం మానేశారని, పొద్దస్తమానం అరుగు మీద కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తూ, తీస్తూ, మళ్ళీ ఎక్కిస్తూ ఉంటారని ఊళ్ళో చెప్పుకున్నారు. కొందరు నవ్వుకున్నారు కూడా. అది విన్నాక రత్నానికి ముద్ద మింగుడు పడలేదు. గుడ్డ తీసుకుని ఆయనింటికి వెళ్ళింది. ఏడుస్తూ అంతా చెప్పింది.

మాస్టారు గుడ్డని చాలాసేపు చూశారు. "అయితే నా కళ్ళు బాగానే ఉన్నాయన్నమాట" అన్నారు. ఆ కళ్ళ నిండా నీళ్ళు. గుడ్డ మడత పెడుతూ "నా గీతకి భయపడి విప్పావు కదమ్మా. ఆ గీత పెట్టింది నేనే" అన్నారు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "ఇది నాది కాదు, ఎవరిదో వాళ్ళకివ్వు" అని గుడ్డ దాని చేతిలో పెట్టేశారు.

రత్నం ఆఫీసరుకి కూడా చెప్పింది. కాగితాల పని ముగిసిపోయింది, ఇంకేం చెయ్యలేమన్నాడు. షెడ్డు మళ్ళీ తెరవలేదు. మిషన్లకి తుప్పు పట్టింది.

అప్పుడు రత్నం సువార్త ఇంటికి వెళ్ళింది. సువార్త పెరట్లో ఎడమచేత్తో గిన్నెలు తోముతోంది. రత్నం చెప్పింది, గుడ్డ చాచింది. సువార్త తోముతున్న గిన్నె కింద పెట్టింది.

"ఆ రోజు నేను మర్చిపోలేదే, రత్నం" అంది.

అంతే అంది, చిట్టీ. ఆ తర్వాత గుడ్డ తీసుకుని, ఒక కొస పంటితో పట్టుకుని, ఎడమచేత్తో రత్నం ముంజేతికి గట్టిగా ముడి వేసింది. "నేను విప్పేదాకా ఉండనీ" అంది.

రత్నం ఏడాది తర్వాత మళ్ళీ వెళ్ళింది. "ఇంకా లేదు" అంది సువార్త. అప్పటికే వాళ్ళమ్మతో నాట్లకి వెళ్తోంది, ఎడమచేత్తో.

ఆ తర్వాత పెళ్ళయి ఒకసారి వెళ్ళింది. సువార్త చంకలో పిల్లాడు. ఇద్దరూ కూర్చుని టీ తాగారు, ఏదో మాటకి సువార్త నవ్వింది కూడా. నవ్వుతూనే ముడి మీద చెయ్యి వేసింది, కాస్త లాగింది. ఏమనుకుందో ఏమో, వదిలేసింది. "ఇంకోసారి వస్తావుగా, అప్పుడు చూద్దాంలే" అంది.

మూడోసారి వెళ్ళేసరికి గుమ్మానికి తాళం ఉంది. జ్వరమొచ్చి పోయి మూడు నెలలైందని పక్కింటివాళ్ళు చెప్పారు.

కట్టిన చెయ్యి లేదు. ఇక ఎవరు విప్పాలి? గుడ్డ పాతబడి చిరుగుతుంటే రత్నం దాని మీద ఇంకో గుడ్డ చుట్టి కుట్టుకుంది. అది చిరిగితే దాని మీద ఇంకోటి. లోపలి నీలం ముడి మాత్రం అలాగే ఉంది.

ఏంటమ్మా? ఏడుస్తున్నావా? చెయ్యి తియ్యి. విప్పేస్తానంటావా? నీకు నేనంటే ప్రాణమని తెలుసు, నీ వేళ్ళకి ఇదొక నిమిషం పనని కూడా తెలుసు. అందుకే వద్దంటున్నాను. ఈ ముడి నీది కాదు.

నీ సంచీలో ఒక తెల్లగుడ్డ పెట్టాను. రేపు పేరు నువ్వే కుట్టుకో. ఇప్పుడు నాతో అను, మెల్లిగా.

గుడ్డ కట్టు, చెయ్యి పెట్టు,
చెయ్యి తియ్యి, గుడ్డ విప్పు,
ఎవరి ముడి వాళ్ళే విప్పు.
కథ నడిచె కంచి వైపు,
కన్ను వాలె నిద్ర వైపు.