రాజుగారింటి వారం

గోదావరి అవతలి గట్టున ఒక చిన్న రాజ్యం ఉండేదట. రాజ్యం చిన్నదే గానీ, దాన్ని ఏలే విజయకేసరి మహారాజుగారి గొప్పలకు మాత్రం కోట చాలేది కాదు. దానాల్లో తనను మించినవాడు పుట్టలేదని ఆయన గట్టి నమ్మకం.

ఆ నగరంలో పేరయ్య పంతులుగారి బడి ఉండేది. పొరుగూళ్ల నుంచి వచ్చి చదువుకునే పిల్లలు పన్నెండుమంది. వాళ్లకు ఊళ్లోవాళ్లే వారాలిచ్చేవారు. సోమవారం ఒకరింట భోజనం, మంగళవారం ఇంకొకరింట. ఎవరూ అడగక్కర్లేదు, పెట్టినవాళ్లు చెప్పుకునేవారూ కాదు.

ఒకనాడు కొలువుకొచ్చిన బాటసారి, "మహారాజా, మీ నగరంలో ఇంటికో దాత ఉన్నాడు" అన్నాడు. పొగిడాననుకున్నాడు పాపం. రాజుగారి ముఖం మాడిపోయింది.

"ఇంటింటా దాతలుంటే ఇక నేనెందుకు?" అని అప్పుడే చాటింపు వేయించారు. ఇకమీదట రాజ్యంలో దాత రాజొక్కడే. మరెవరు ఊరికే పెట్టినా, ఊరికే పనిచేసినా శిక్ష తప్పదు.

జనం హడలిపోయి తలుపులు మూసుకున్నారు. ఆ పూట పిల్లలకు మంచినీళ్లే గతి. పంతులుగారు ఆస్థానంలో ఉండే సింగన దగ్గరికి పరుగెత్తారు.

"అయ్యా, రేపూ ఇంతే అయితే పిల్లల్ని ఇళ్లకు పంపెయ్యాలి. వాళ్ల చదువు ఇంతటితో సరి."

సింగన కూడా వారాలు తిని చదువుకున్నవాడే. "రేపు మధ్యాహ్నం పిల్లల్ని కోటకు తీసుకురండి" అన్నాడు.

మర్నాడు రాజుగారు భోజనానికి వచ్చేసరికి పన్నెండుమందీ విస్తళ్లు వేసుకుని బారులు తీరి కూర్చున్నారు.

"ప్రభూ, దాత తమరొక్కరే కదా. అందుకే వచ్చారు" అన్నాడు సింగన.

రాజుగారు మురిసిపోయి, "వంటవాళ్లను వడ్డించమను" అన్నారు.

"వాళ్లకు జీతమిచ్చేది తమకు వడ్డించడానికి. పిల్లలకు వడ్డిస్తే అది ఊరికే చేసిన పనవుతుంది. తరవాత తమరే శిక్షించాల్సి వస్తుంది."

నలుగురిలో ఆడిన మాట. రాజుగారు వెనక్కి తీసుకోలేక గరిటె అందుకున్నారు. ఒకడికి పప్పు విస్తట్లో, ఇంకొకడికి ఒళ్లో పడింది. వడ్డన ఆ కొసకు చేరేలోగా ఈ కొసన మారన్నం అడిగారు. రాజుగారి నడుం పట్టేసింది.

హమ్మయ్య అని చతికిలబడబోతే, "విస్తళ్లెత్తాలి ప్రభూ" అన్నాడు సింగన. "బడి గోడ ఊరికే కట్టిపెడుతున్నవాళ్లు మట్టి తొక్కడం ఆపేశారు, తమకోసం చూస్తున్నారు. బావి దగ్గర ఒక ముసలమ్మ కడవ ఎత్తిపెట్టే దిక్కులేక కూర్చుంది."

రాజుగారు చెమట తుడుచుకున్నారు. "ఇన్నాళ్లూ ఇదంతా ఎవరు చేశారయ్యా?"

"తలా ఒక చెయ్యి వేశారు ప్రభూ. అందుకే ఎవరికీ బరువు తెలియలేదు."

రాజుగారు నడుం పట్టుకునే పకపకా నవ్వారు. "నోటితో చెబితే విననని, నా నడుముతో చెప్పించావురా సింగనా. ఆ చాటింపు ఇప్పుడే రద్దు చేస్తున్నాను. నీకేం కావాలో కోరుకో."

"బుధవారం పెట్టే ముత్తవ్వ మొన్న కాలం చేసింది ప్రభూ. ఆ వారం తమరిస్తే చాలు."

రాజుగారు సింగనకు పట్టుశాలువా కప్పారు, వారమూ ఇచ్చారు. ప్రతి బుధవారం గరిటె తనే పట్టేవారు. ఈ రోజు భోజనం ఎక్కడర్రా అని ఎవరైనా అడిగితే, పిల్లలు మిగతా ఇళ్ల పేర్లు చెప్పినట్టే, "కేసరిగారింట్లో" అని చెప్పి గబగబా నడిచేవారట.