లోయలో వరస పిలుపులు

ఎర్రరాళ్ల కొండ మీద ఒక అడవి. ఆ అడవిలో దుప్పి, నెమలి, అడవిపంది, కొండముచ్చు ఉండేవి. కొండను చీల్చుకుంటూ ఒక ఇరుకు లోయ కిందికి పోయేది. లోయ అడుగున వాగు. ఆ వాగు కింది చివర, ఇసుకలో, వీటి పిల్లలన్నీ రోజూ ఆడుకునేవి.

పిల్లల్ని ఇంటికి పిలవడానికి ఒక కట్టుబాటు ఉంది. ఒక తల్లి పిలవాలి. ఆ పిలుపు కిందికి చేరి, బిడ్డ బదులు పైకి రావాలి. అప్పుడే ఇంకో తల్లి నోరు తెరవాలి. అంత పొడుగు లోయలో ఎంత ఆలస్యమో మీరే చెప్పండి!

ఒకరోజు మధ్యాహ్నమే నల్లమబ్బు కమ్మింది. వాన కొట్టిందంటే వాగు పొంగుతుంది. తల్లులన్నీ లోయ పై అంచుకు పరుగెత్తాయి.

మొదటి వంతు దుప్పిది. "పైకి రా, కన్నా!" అని పిలిచింది. చాలాసేపటికి "వస్తున్నానమ్మా!" అని వినిపించింది. అక్కడితో ఊరుకుందా? అబ్బే! తన గొంతంటే దానికి మహా మురిపెం. మళ్లీ పిలిచి, మళ్లీ బదులు కోసం చెవులు రిక్కించింది.

"అక్కా, నీకు పుణ్యముంటుంది, నన్ను పిలవనియ్యి. నా పిల్లకు ఇంకా ఎగరడం రాదు" అని నెమలి బతిమాలింది.

"నా వంతు, నా ఇష్టం" అంది దుప్పి.

చినుకులు మొదలయ్యాయి. ఇక ఆగలేక తల్లులన్నీ ఒక్కసారే అరిచాయి. లోయంతా గోల. కింద ఏ పిల్లకూ ఏమీ అర్థం కాలేదు.

నెమలి ఏడుస్తూ వాగుకేసి చూసింది. ఎండుటాకులు ఒకదాని వెనక ఒకటి కొట్టుకుపోతున్నాయి.

"ముందు ఆకు తిరిగొచ్చేదాకా వెనక ఆకు ఆగిందా?" అని అరిచింది. "ఒకరి పిలుపు దారిలో ఉండగానే ఇంకొకరి పిలుపు దాని వెనకే పోవచ్చు. బదులు కోసం ఆగకండి. ఒక్క మాట పిలిచి తప్పుకోండి!"

కొండముచ్చు పిలిచింది. వెంటనే పంది. వెంటనే నెమలి. కాసేపటికి బదుళ్లు కూడా అదే వరసలో వచ్చాయి. ఆ వెనకే పిల్లలూ రొప్పుతూ పైకొచ్చాయి. నెమలి తన పిల్లను రెక్క కిందికి లాక్కుని బావురుమంది.

దుప్పి మాత్రం ఇంకా పిలుస్తూనే ఉంది. ఇంతలో వాగు హోరుమంటూ వచ్చి పడింది.

వరద తీశాక దుప్పిపిల్ల కుంటుకుంటూ వచ్చింది. దాని కాలు బండల మధ్య విరిగింది.

"అందరికంటే ముందు నిన్నే పిలిచానే! ఎందుకు రాలేదురా?" అని దుప్పి గొల్లుమంది.

"బయల్దేరానమ్మా. నువ్వు పిలిచినప్పుడల్లా ఆగి బదులిచ్చాను."

నీతి: దారి అందరిదైనప్పుడు మాట ముగించి వెనకవారికి చోటివ్వాలి, ఒక్కరే పట్టుకు కూర్చుంటే తమ పనీ చెడుతుంది.