చెంగమ్మ నోటికి అడ్డం పెట్టుకున్న చెయ్యి

చెరకు తోటకీ వేరుశనగ చేనుకీ మధ్య ముళ్ళకంపల్లో కుందేళ్ళ కాపురాలు. వాటిలో చెంగమ్మను ఎవరైనా ఇట్టే గుర్తుపట్టేవాళ్ళు. మాట్లాడినా, నవ్వినా, ఆఖరికి తుమ్మినా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది. పై పళ్ళు ముందుకు పొడుచుకొచ్చి కింది పళ్ళకు అందకుండా పోయాయి మరి. లేత గడ్డి నమిలేది కానీ గట్టి కాడ కొరకడం ఆమె వల్ల అయ్యేది కాదు. కూతురు దూదికీ అదే వరస మొదలైంది.

ఈ సంగతి చెరకు తోటలోని నక్క గంగులప్ప ఎప్పుడో కనిపెట్టాడు. వేటగాళ్ళు పారేసుకున్న వల ఒకటి అతని దగ్గరుంది. చిక్కల్లా ఏమిటంటే, అందులో పడిన ప్రతి కుందేలూ తాడు కొరుక్కుని చక్కా పోయేది. అందుకే చెంగమ్మ కనబడితే చాలు, ఎక్కడలేని ప్రేమ ఒలకబోసేవాడు.

"పళ్ళు సరిచేసుకోవాలని ఉందంట కదే చెంగమ్మా? ఈ వయసులో దవడ రాయయిపోయుంటాది. కదిలిస్తే పళ్ళు ఊడి చేతిలోకొస్తాయి. బిడ్డకూ వద్దులే, అది మీ ఇంటి కళ."

తన మటుకు చెంగమ్మ నమ్మేసింది. బిడ్డ విషయంలో మాత్రం మనసొప్పలేదు. దూదిని వెంటబెట్టుకుని ఏదుపంది నాంచారత్త దగ్గరికి పోయింది. పడుచుతనంలో తన పళ్ళూ ఇలాగే ఉండేవని, సరిచేసుకున్నానని నాంచారత్త కనబడ్డవాళ్ళందరికీ గొప్పగా చెప్పుకునేది.

అత్త దూది నోరు తెరిపించి చూసింది. "ఇది వేలు చప్పరిస్తాది కదా?"

"నిద్దరొచ్చినప్పుడు."

"ముందది మాన్పించు. లోపల్నించి తోస్తా ఉంటే పళ్ళు ముందుకు రాక ఏం చేస్తాయి?" అంటూ పచ్చి వెదురు బద్దను సన్నగా చీల్చి, వంచి, పై పళ్ళకు ఆనించి తల వెనక నారతో కట్టింది. "గట్టిగా లాగితే ఊడతాయి. మెల్లగా, విడవకుండా నొక్కితే జరగతాయి. ఇంక నీ నోరు చూపించు."

"నాకెందుకత్తా? ముదిరిన దవడ కదలదంట."

"ఎవురన్నారు?"

"గంగులప్ప."

"నీ పళ్ళు కలవకపోతే ఆయప్పకేం లాభమో ఆలోచించినావా?"

చెంగమ్మ ఆలోచించింది. తాడు కొరకలేని కుందేలు అతని వలలోంచి బయటపడలేదని తట్టింది. అడ్డం పెట్టుకున్న చెయ్యి తీసి నోరు తెరిచింది.

"బిడ్డకంటే నీకు ఆలస్యమవతాది. అంతేగానీ కదలవని కాదు," అంటూ అత్త ఆమెకూ ఒక బద్ద కట్టింది.

తల్లీకూతుళ్ళు పొద దాటినప్పుడు నక్క కంట పడకుండా బద్దలు విప్పేసి, లోపలికి రాగానే కట్టుకునేవాళ్ళు. చేను పూతకొచ్చేసరికి దూది పళ్ళు సర్దుకున్నాయి. తల్లికి కాయలు ముదిరేదాకా పట్టింది. సలుపు భరించలేక ఆమె బద్ద విసిరికొడితే దూదే తెచ్చి మళ్ళీ కట్టేది. ఒకనాడు చెంగమ్మ ఎండు కాయను పళ్ళ మధ్య పెట్టి నొక్కితే టప్పుమని పగిలింది. ఆనందం పట్టలేక ఏడ్చేసింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే అలవాటు మాత్రం పోలేదు.

కాయలు పీకేశాక ఇద్దరూ పరిగె ఏరుకోవడానికి చేలోకి దిగారు. నేలలో మిగిలిన కాయల మీదే వాళ్ళ చూపు. గట్టు వెనక నుంచి గంగులప్ప విసిరిన వల వచ్చి మీద పడింది.

చెంగమ్మ దూదిని దగ్గరికి లాక్కుంది. ఎప్పటిలాగే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అడిగింది.

"ఇద్దరం ఉండాం కదా గంగులప్పా, ఒక్కడివే తింటావా? ఇంటికి పోతే నీళ్ళు కూడా ఇయ్యవని మీ బామ్మర్ది ఊరంతా చెప్పుకుంటా ఉండాడే."

నక్కకు రోషం పొడుచుకొచ్చింది. "వాణ్ణి ఇప్పుడే పిలుచుకొస్తా. కడుపు పగిలేట్టు పెడతా."

"మరి మాకు కావలి?"

"నీకు కావలెందుకే? కొరికే పళ్ళుంటే కదా," అని నవ్వుకుంటూ పోయాడు.

అతను కనుమరుగు కాగానే చెంగమ్మ చెయ్యి తీసింది. తల్లి ఇటునుంచి, కూతురు అటునుంచి తాళ్ళు కొరికారు.

దారి పొడుగునా గొప్పలు చెబుతూ గంగులప్ప బావమరిదిని వెంటబెట్టుకొచ్చేసరికి వలకు ఇంత బొక్క ఉంది. ముళ్ళకంపకు అవతల చెంగమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని, పళ్ళన్నీ కనబడేలా పగలబడి నవ్వుతోంది.

"దవడ రాయయిపోయిందన్నావే, నీ తాళ్ళు చూసుకో," అంది.

బావమరిది తెగిన తాడు ఎత్తి చూశాడు. "విందని పిలిచి ఇది పెడతావా బావా? మా అక్క నీతో ఎట్ట కాపురం చేస్తా ఉందో," అని తాడు అక్కడే పడేసి వెళ్ళిపోయాడు.

నీతి: నీ లోపం ఇక సరికాదని ఎవరైనా నొక్కి చెబితే, అది అలాగే ఉండడం వల్ల వాళ్ళకేం లాభమో ముందు చూసుకో.